ఛాతీ ఎత్తున

టేపు ఈ కొస నా చేతిలో,
ఆ కొస కిన్షాసా నుంచి వచ్చిన ఎన్‌జూజీ చేతిలో.
నేల నుంచి నూట ముప్పై సెంటీమీటర్లు పైకి,
అక్కడ కొలవాలి చెట్టుని.
ఛాతీ ఎత్తు, అంటాడతను.
ఎవరి ఛాతీ? అంది బొలుంబు ముసలమ్మ
గంప దించుకుంటూ.
అతను పుస్తకం తిరగేశాడు. అందులో లేదు.

మా ఇకెంగెలో చెట్టుని కౌగిళ్లతో కొలిచేవాళ్లం.
ఒంటి కౌగిలి పడవకి,
రెండు కౌగిళ్లు ఇంటి దూలానికి,
మూడు దాటితే దాని జోలికి పోయేవాళ్లం కాదు.
ఈ లిఫాకి మూడు కౌగిళ్ల మీద జానెడు.
ఆ జానెడు తేడా మా వదినది, ఆవిడ చేతులు పొట్టి.

ఇప్పుడు దాని పేరు నాలుగు వందల పదిహేడు.
రేకు బిళ్ల మీద మేకుతో నేనే చెక్కాను.
ఏడు వంకరగా వచ్చింది.

కాగితం చదివిన రోజు గుర్తుంది.
చర్చి రేకుల కింద ఊరంతా కూర్చున్నాం.
ఎవరి అడవి, ఎవరి గాలి, ఎవరికెంత వాటా,
అంతా బాగానే వినబడింది.
ఎన్నేళ్లు అనే చోటికి వచ్చేసరికి
వాన అందుకుంది.
రేకుల మీద వానంటే తెలుసుగా,
పక్కవాడి దగ్గు కూడా వినబడదు.
చదివే ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి.
వేలిముద్రల వేళకి తెరిపిచ్చింది.

ఇక నిప్పు పెట్టకూడదన్నారు.
కర్రపెండలం పోడు ఏటి గట్టు దాటకూడదన్నారు.
ఎక్కడో మంచు కరుగుతోందట,
సముద్రం ఎవరి వాకిట్లోకో వస్తోందట.
నమ్మాను. నమ్మకపోవడానికేముంది,
సెప్టెంబరు మొదట్లో పడాల్సిన చినుకు
నెల దాటినా దిగకపోతుంటే.
తొలి వానకే లిఫాకి మీంచి బింజో పురుగులు రాలేవి.
బొలుంబు పడుచుతనంలో ఈ ఒక్క చెట్టుకే పన్నెండు గంపలు.
ఆ ఏడాది ఐదు.
కొన్ని ఎండబెట్టింది, కొన్ని అమ్మింది,
ఒక దోసెడు మాకూ వేయించి పెట్టింది.
ఎన్‌జూజీ మొహమాటపడుతూనే రెండోసారి అడిగాడు.

పుస్తకంలో గంపలకి గడి లేదు.
జాతి, చుట్టుకొలత, ఎత్తు, కడుపులో ఎంత బొగ్గు.
అంచున రాశాను: పురుగులు, ఐదు గంపలు.
అతను చదివి నవ్వలేదు, కొట్టెయ్యనూ లేదు.
పైవాళ్లు కొట్టేస్తారులే, అన్నాడు.

రాత్రిళ్లు లుకెనీ నది మీద తెప్పలు పోతున్నాయి,
దుంగని దుంగకి కట్టిన తెప్పలు.
ఆపి అడిగితే టార్చి వెలుగులో కాగితం చూపించారు.
మా కాగితం మీది ముద్రే,
అదే చిరుతపులి తల, అదే ఊదా సిరా.
నిలబెట్టమన్న ముద్రా, పడగొట్టుకోమన్న ముద్రా
ఒక్క సొరుగులోవే.
పక్కకి తప్పుకున్నాను.
నా దగ్గర ఉన్నదల్లా టేపు.

ఐదేళ్లకి మళ్లీ కొలత.
బడికి రెండు గదులు లేచాయి, తలుపులింకా రాలేదు.
నాలుగు వందల పదిహేడు రెండు వేళ్లు లావెక్కింది.
బిళ్ల చుట్టూ బెరడు మూతి ముడిచింది.
ఎర్ర గీత దగ్గరికొచ్చి నిలబడింది బొలుంబు.
మొదటిసారి అది సరిగ్గా ఆమె ఛాతీకి తగిలింది.
ఇప్పుడు గడ్డం కింద ఉంది.
గీతని ఎవరూ జరపలేదు.

నన్నూ కొలవరా, అంది.
కొలిచాను.
టేపు ఒక చుట్టు తిరిగి
చాలా మిగిలిపోయింది నా చేతిలో.
ఆ అంకె ఎన్‌జూజీ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ సాయంత్రం వాన, నెలన్నర ఆలస్యంగా.
పుస్తకం సంచిలోనే తడిసింది.
పొయ్యి దగ్గర ఆరబెట్టి చూస్తే
గడుల్లోని సిరా అంతా అలుక్కుపోయింది.
అంచున మాత్రం చదవొచ్చు:
పురుగులు, రెండు గంపలు.
అది పెన్సిలుతో రాసింది.